మెల్లగా మోపిన కాలు

మూడింటికి పిలుస్తామన్నారు, మూడూ పది అయింది, ఈ బల్ల కదిలితే కిర్రుమంటుంది, కదలకుండా కూర్చుంటే నడుం పట్టేస్తోంది. నయాపూల్ పక్కన పాత మేడ, పై అంతస్తు వరండా, ఆ మూసిన తలుపు వెనక ఎంపిక కమిటీ వారు ఏడుగురు, వాళ్ల ముందు నా కాగితం చుట్ట, ఆ చుట్ట మీద తొమ్మిదిమంది ఆడపిల్లల కాళ్ల బలం నీలం సిరాతో గీతలు గీతలుగా ఉంది, అందులో ఒక గీత తప్పు. తప్పని ఈ మేడలో నాకొక్కడికే తెలుసు. నిన్న సాయంత్రం దాకా నాకూ తెలియదు. తెలియకుండా ఉంటే ఎంత హాయిగా ఉండేది, ఈపాటికి గోడకి తల ఆనించి ఓ కునుకు తీసేవాణ్ణి. రాత్రి కన్ను మూతపడితే ఒట్టు. కింద రోడ్డు మీద జామపళ్ల బండివాడు ఒకటే అరుపు, రిక్షా గంటలు, కోర్టు వదిలి వచ్చే నల్లకోట్ల గుంపు, వాళ్ల వెనకాలే ఫైళ్లు మోసుకుంటూ వాళ్ల గుమాస్తాలు, ఈ గోలలో లోపలినుంచి నా పేరు పిలిస్తే వినపడుతుందో లేదో. అచ్యుతరామయ్య గారూ అని పిలుస్తారా, అందరూ పిలిచినట్టు తూకం మాస్టారూ అంటారా. ఏదైనా ఒకటే, లేచి వెళ్లాలి, నిలబడాలి, గీతలన్నీ సరైనవే అనాలి. లేదా కాదు అనాలి. రెంటికీ ఓపిక లేదు.

ఆ పిల్ల కూడా వచ్చింది. అదుగో, వరండా చివర స్తంభానికి ఆనుకుని నిలబడింది. సక్కుబాయి, పదిహేడేళ్లు, నాయనమ్మ పేరు పెట్టారట, తోటి పిల్లలు ఆ ముసలి పేరు పట్టుకుని ఏడిపిస్తే తనే ముందు నవ్వేస్తుంది. నాలుగింటికి జాబితా బోర్డుకి అంటిస్తారని విని హుస్సేనీ ఆలం నుంచి నడిచి వచ్చింది. లాంగ్ జంప్ చేసే ఈ తొమ్మిదిమందిలో నలుగురిని శిబిరానికి పంపుతారు, ఆర్నెల్లు తిండి, వసతి, శిక్షణ అన్నీ అక్కడే. వచ్చే ఏడు ఢిల్లీలో ఏషియాడ్ అని దేశమంతా ఊగిపోతోంది కదా, ఆ ఊపులో మా బోటివాళ్లకి కూడా కాస్త పని తగిలింది. సక్కుబాయి నాన్న గుండయ్యకి హుస్సేనీ ఆలంలో తాళ్ల దుకాణం, మూడు తరాల నుంచీ అదే దుకాణం, అదే గడప. కూతురికి ఆయన పెట్టిన షరతు గ్రౌండులో అందరికీ తెలుసు. ఈ ఒక్కసారి చూస్తాడు, పేరు వస్తే పంపిస్తాడు, రాకపోతే దుంకుడు బందు, నిక్కర్లు ట్రంకుపెట్టెలో పెట్టేసి ఇంటి పట్టున ఉండాలి. చెడ్డవాడు కాదు గుండయ్య. అన్న మాట తప్పడు, అదే గొడవ. జాబితాలో ఆ నాలుగు పేర్లలో ఈ పిల్ల పేరు లేదు. నా గీతల్ని బట్టే రాసుకున్నారు, సంతకాలొక్కటే మిగిలాయి, నన్ను పిలిచేది కూడా గీతలు సరైనవేనని ఒక మాట నోటితో అనిపించుకోవడానికే.

నన్ను చూసింది. వద్దు, ఇటు రాకు తల్లీ, అనుకుంటూనే ఉన్నాను, వచ్చేసింది, నమస్తే పెట్టి బల్ల చివర అంచు మీద కూర్చుంది, ఆ కూర్చోవడం కూడా బల్లకి తన బరువు తెలియకుండా కూర్చున్నట్టు.

"పొద్దుగాల సంది ఈడనే ఉన్నరా సార్? తిన్నరా?"

"తిన్నానమ్మా," అన్నాను. తినలేదు.

"నా గీత తక్వ వచ్చిందంట గద సార్. గ్రౌండుల అందరనుకుంటున్నరు."

చూద్దాం, లోపల ఇంకా మాట్లాడుతున్నారుగా, అని గోడకేసి చూసి ఏదో గొణిగాను. ఆ పిల్ల తల ఊపింది. "నా కాళ్లల్లనే తక్వ ఉండొచ్చు సార్. మిషను అబద్ధం చెప్పదు గద," అంది, నిష్ఠూరంగా కాదు, ఎండ బాగా ఉంది గద అన్నంత మామూలుగా అంది, అని లేచి మళ్లీ స్తంభం దగ్గరికి వెళ్లిపోయింది. ఆ క్షణంలోనే చెప్పేయొచ్చు. చెప్పలేదు.

అబద్ధం చెప్పదనే ముక్క వాళ్లకి నేర్పిందే నేను. పదకొండేళ్లు. తెనాలి నుంచి వచ్చి కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఏదో విదేశీ పత్రికలో ఆ బొమ్మ చూశాను, మనిషి నేల మీద కాలు మోపితే నేల తిరిగి ఎంత బలంగా తోస్తుందో రాసిపెట్టే పలక. తెప్పించండి అని అడిగితే డబ్బు లేదన్నారు, సరే నేనే చేస్తానన్నాను, ఆ వయసులో నోటికి అడ్డూ ఆపూ ఉండదు. రెండు ఇనుప పలకలు, మధ్యలో నాలుగు మూలలా నాలుగు ఉక్కు కడియాలు, కడియాలకి అతికించిన వెంట్రుకలాంటి తీగలు. కాలు పడగానే కడియం కంటికి కనపడనంత నొక్కుకుంటుంది, దాంతో తీగ సాగుతుంది, తీగ సాగితే కరెంటు మారుతుంది, అవతల కాగితం చుట్ట మీద పెన్ను పైకి లేస్తుంది. అంతే. ఆ అంతే అనడానికి ఏడేళ్లు పట్టింది. వానాకాలం జిగురు ఆరదు, ఎండాకాలం ఎవరూ ఎక్కకపోయినా గీత దానంతటదే ఎక్కిపోతుంది, తీగలు ఎలుకలు కొరికాయి, సరిగ్గా పరీక్ష పెట్టే పూట కరెంటు పోతుంది. గీత ఎంత లేస్తే ఎంత బరువో తేల్చుకోవడానికి యాకుత్‌పురాలో కట్టెల అడితీ వాళ్లని బతిమాలి ఇరవై కిలోల తూకం రాళ్లు ఇరవై తెచ్చాను, అవి రిక్షాల్లో చూసి మా వీధివాళ్లు పంతులు బొగ్గుల దుకాణం పెడుతున్నాడనుకున్నారు. మనుషుల్లో దాని మీద మొదట నడిచింది మా ఆవిడ శారదాంబ. ఆదివారం పూట పిలుచుకెళ్లి నడవమన్నాను, ఇదేం చోద్యమండీ, చీర కుచ్చెళ్లు పట్టుకుని నేను నడవడం, మీరు చూసి రాసుకోవడం, అని సిగ్గుపడుతూ నాలుగుసార్లు నడిచింది. కుడికాలి గీత నిండుగా వచ్చింది, ఎడమకాలిది ఎంతకీ పైకి లేవదు. కడియం చెడిందనుకుని ఆ రాత్రంతా విప్పి చూశాను. కడియం బాగానే ఉంది. శారదాంబకి తుంటి నొప్పట, రెండేళ్లుగా ఉందిట, చెబితే డాక్టరూ మందులూ అని హడావుడి చేస్తానని చెప్పలేదట. ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉండి నేను కనిపెట్టలేనిది ఆ ఇనుప పలక చెప్పింది. ఆ రోజు నుంచీ దాని మాట అంటే నాకు వేదం. పెళ్లాం మాట కంటే దాని మాట ఎక్కువ నమ్మాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మూడూ ఇరవై అయింది. బంట్రోతు వైకుంఠం టీ గ్లాసుల పళ్లెం లోపలికి పట్టుకెళ్లాడు, తలుపు తెరిచిన ఆ రవ్వంత సేపట్లో ఎవరిదో నవ్వు వినపడింది. నవ్వుతున్నారంటే మంచి మూడ్‌లో ఉన్నారు. మంచి మూడ్‌లో ఉన్నవాళ్లకి ఈ మాట ఎలా చెప్పడం. మనిషి ఊరికే నిలబడితే నేల మీద పడేది తన బరువే, నడిస్తే ఆ బరువుకి ఇంకో ఐదోవంతు కలుస్తుంది, పరిగెడితే రెండున్నర మూడింతలు, లాంగ్ జంప్‌లో ఆఖరి అడుగు తన్నే తన్ను ఉందే, అది నాలుగింతలు దాటాలి, గట్టివాళ్లయితే అయిదూ ఆరూ. అంతా కలిపి సెకనులో పదోవంతు, రెప్ప వేసే లోపు అయిపోతుంది, ఇసకలో ఎంత దూరం పడతారన్నది ఆ రెప్పపాటులోనే తేలిపోతుంది. మిగిలిన ఎనిమిదిమంది పిల్లలకీ నాలుగుకి అటూ ఇటూగా వచ్చింది. సక్కుబాయికి రెండున్నర కూడా రాలేదు. మూడుసార్లు దూకింది, మూడుసార్లూ అంతే, కొండలా లేవాల్సిన గీత మోకాళ్ల ఎత్తు గట్టులా లేచి పడుకుంది. టేపు పెట్టి కొలిస్తే నాలుగూ డెబ్బై మీటర్లు. బడి పోటీల్లో ఐదూ నలభై దూకానని చెప్పుకుంది కదా, బడి టేపులు అలాగే ఉంటాయి లెండి, ఇదుగో అసలు బలం ఇక్కడ తేలిపోయింది, అని కమిటీలో ఒకాయన అంటే నేను, నేనే, అవునండీ ఈ పలక ముందు బుకాయింపు కుదరదు అన్నాను. అన్నాక కాసేపు గర్వంగా కూడా నిలబడ్డాను.

ఆ పరీక్ష దసరా వెళ్లిన మూడో నాడు. అక్కడ ఉంది తంటా అంతా. ఆయుధపూజ నాడు మా వర్క్‌షాపులో లక్ష్మయ్య లేతు మిషనుకీ డ్రిల్లుకీ సుత్తులకీ వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు, ఏటా వాడి పనే అది, నేను దూరంగా నిలబడి ప్రసాదం టైముకి చేతులు చాపేవాణ్ణి. ఈ ఏడు మాత్రం పళ్లెం వాడి చేతిలోంచి తీసుకుని పలకకి నేనే పసుపు రాశాను, నా చేత్తో నేనే కుంకం బొట్లు ఐదు పెట్టాను, బంతిపూలు చుట్టాను, కొబ్బరికాయ కొట్టాను. ఎందుకు చేశానంటే ఏం చెప్పను, పదకొండేళ్ల తరవాత దాన్ని చూడ్డానికి మనుషులొస్తున్నారు, పెళ్లికూతుర్ని చేసినట్టు చేయాలనిపించింది. పలక మీద ఎప్పుడూ నేల రంగు రబ్బరు పట్టా కప్పి ఉంచాలి, ఎక్కడుందో తెలియకుండా దాచాలి, కనపడితే మనిషి అడుగు మార్చేసుకుంటాడు, ఇది ఆ విద్యలో మొట్టమొదటి పాఠం, పిల్లలకి నేనే నల్లబోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి. పరీక్ష రోజు పట్టా కప్పలేదు. లక్ష్మయ్య పట్టా పట్టుకొచ్చి "కప్పాల్నా సార్, బొట్లు చెరిగిపోతయ్ గద," అన్నాడు. ఉండనీయవోయ్, కమిటీవాళ్లు కూడా చూస్తారు, అన్నాను. పరుగుబాట చివర, ఎండలో, పసుపూ కుంకమూ మెరుస్తూ, ఎంత బాగుందో.

తొమ్మిదిమందీ వరసలో నిలబడ్డారు. సక్కుబాయి ఐదోది. ముందు నలుగురూ బూట్లతో దడదడా వచ్చి తొక్కి దూకిపోయారు, వాళ్లలో ఒకమ్మాయి తన్నిన తన్నుకైతే, ఆ అదురుకి పెన్ను కాగితం దాటిపోతుందేమోనని భయపడ్డాను. ఈ పిల్ల వంతు వచ్చింది, పలక దగ్గరికి వచ్చి వంగి చూసి ఇదేంది సార్ అంది. భయపడుతోందేమోనని, దుకాణదారు కూతురు కదా, వాళ్లకి అర్థమయ్యే మాట చెబుదామని, ఏం లేదమ్మా, మీ నాన్న తరాజు లాంటిదే, నీ కాలి బలం తూస్తుంది అన్నాను. తరాజా సార్, అంది. అవును తరాజే, అన్నాను. ఆ పిల్ల వెనక్కి వెళ్లి కాన్వాసు బూట్లు విప్పి పక్కన పెట్టింది. పెదాలు కదిపి ఏదో అనుకుంది. చేతులు కలిపింది. లాంగ్ జంప్ చేసే పిల్ల బూట్లు విప్పడమేమిటని వీసమంతైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు. నాకేం వచ్చిందో తెలుసా, కళ్లలో నీళ్లు వచ్చాయి, నా మిషనుకి దండం పెట్టిన మొదటి మనిషి అని. పరుగు బాగానే తీసింది, గాలిలా వచ్చింది, సరిగ్గా పలక దగ్గరికి వచ్చేసరికి అడుగు కుదించుకుంది, కాలు దించింది. పెన్ను కొంచెం లేచి పడుకుంది. పాపం, బలం లేదు, అనుకున్నాను.

నిన్న సాయంత్రం హుస్సేనీ ఆలం మీదుగా వస్తుంటే గుండయ్య దుకాణంలోంచి కేకేశాడు. ఆయనతో నాకు పెద్ద పరిచయం లేదు, ఓసారి బట్టలారేసుకునే తాడు కొన్నాను. గద్దె మీద జాగా చూపించి కూర్చోబెట్టాడు, ఇరానీ హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. చుట్టూ కొబ్బరితాళ్లు, సుతిలి ఉండలు, నార వాసన, మధ్యలో ఇత్తడి తరాజు గొలుసులకి వేలాడుతోంది, దాని కాడకి వాడిన బంతిపువ్వు. కూతురి సంగతి అడుగుతాడేమో, ఏం చెప్పాలా అని నేను చాయ్ ఊదుకుంటున్నాను. ఆయన అడగలేదు, తనే చెప్పాడు.

"పేరు వచ్చుడు రాకపోవుడు దేవుని చేతిల ఉన్నది సార్. కని మా బిడ్డ సంగతి మీకు జెప్పాలె. మీ మిషనుకు పూజ జేసి బొట్లు వెట్టిన్రంట గద, తరాజు లెక్కనే అని మీరే చెప్పిన్రంట. మా ఇంట్ల తరాజుకు కాలు తాకితే ఆ దినం బువ్వ తినం, అది లచ్మి. పోరి ఏం జేసిందో ఎరికేనా? జోళ్లు ఇడిసి, దండం వెట్టుకొని, కాలు పడ్డదా లేదా అన్నట్టు మెల్లగ మోపి దుంకిందంట. మూడు సార్లు గట్లనే. తన్నుమంటే తన్నుతదా సార్, మా తాత కాడి నుంచి వచ్చిన పద్ధతి."

ఎంత సంబరంగా చెప్పాడో. మీసాల కింద నవ్వు ఆపుకోలేకపోయాడు పాపం. కూతురు తన చేతుల్తో తన దారి మూసుకుందని ఆయనకి తెలియదు, మూయించింది ఎదురుగా కూర్చుని తన చాయ్ తాగుతున్నవాడని అసలే తెలియదు. గ్లాసు కింద పెట్టేశాను. మంచి పిల్లండీ, అన్నాను. ఇంకేం అనాలి? అక్కణ్ణుంచి యాకుత్‌పురా దాకా ఎలా నడిచానో గుర్తులేదు, గేటు పడి ఉంది, రైలు పోయింది, గేటు తీశారు, నేను అక్కడే నిలబడి ఉన్నాను, వెనకాల బండివాడు హటో సాబ్ హటో అని అరిచాడు. ఇంటికెళ్లి నకలు కాగితం తీసి ఆ గీతని చూశాను. చూడ్డం తెలిసినవాడికి అందులో అంతా ఉంది. తన్నడానికి బలం లేని కాలయితే గీత సన్నగా, వణుకుతూ, గతుకులుగా లేస్తుంది. ఇది నున్నగా, గుండ్రంగా ఉంది, అంత వేగంగా వస్తూ కూడా నిద్రపోతున్న పసిపిల్లాడి పక్కనుంచి అడుగేసినట్టు వేసింది. ఆ వేగంలో కాలిని అంత మెల్లగా దించాలంటే ఎంత బలం కావాలో ఈ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. వారం రోజులు ఆ గీత నా బల్ల మీదే ఉంది. పక్కన అంకె రాసుకున్నాను, గీతని చూడలేదు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరికీ తెలియదు. లోకంలో దూకని ఆడపిల్లలు కోట్లమంది ఉన్నారు, హాయిగానే ఉన్నారు. ఇందాక మెట్ల మీద మా శ్రీహరిరావు గారు కనపడ్డారు, ఆయనే మా డిపార్టుమెంటు పెద్ద, పదకొండేళ్లలో ఎవరూ నమ్మనప్పుడు నన్ను నమ్మిన ఒకే ఒక్కడు, కాదనను. భుజం మీద చెయ్యి వేసి, "అచ్యుతం, ఇవాళ కమిటీ మన రీడింగ్స్ యాక్సెప్ట్ చేసిందంటే ల్యాబ్ పర్మనెంట్ అయినట్టే. లేకపోతే మార్చిలో తాళమే. వాళ్లేది అడిగినా ఎస్ సార్ అను, ఎక్స్‌ప్లనేషన్లు మొదలెట్టకు, నీ సంగతి నాకు తెలుసు," అన్నారు. సరేనన్నాను. మార్చిలో తాళం పడితే నేనేం చేస్తాను, నలభై తొమ్మిదేళ్లు, లోలకం ఊపి పిల్లలకి లెక్క చెప్పుకుంటూ పెన్షన్ దాకా లాగాలి. లక్ష్మయ్యని ఎక్కడికో బదిలీ చేస్తారు. పలకని స్టోర్లో గోడకి ఆనించి పెడతారు, దాని మీద పాత కుర్చీలు పడేస్తారు. పొద్దున శారదాంబకి చెప్పాను ఇదంతా, చెబితే ఆవిడ బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "ఆ పిల్ల మీతో ఏమైనా అందా?" అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. "అయితే మీరే అనాలిగా," అని మళ్లీ చేట అందుకుంది. ఆవిడకేం, చేట ముందు కూర్చుని చెప్పేస్తుంది. కాని అది నిజమే, ఆ పిల్ల ఏమీ అనదు, అనే పిల్లయితే పలకని తన్ని ఉండేది.

తలుపు తెరుచుకుంది. "తూకం సార్, బులాయిస్తున్నరు," అన్నాడు వైకుంఠం.

లోపల సిగరెట్టు పొగ, పంకా రొద, పొడవు బల్ల మీద నా కాగితం చుట్ట పరిచి రెండు చివర్లా యాష్‌ట్రేలు పెట్టారు. అధ్యక్షులవారు కళ్లజోడు పైకి తోసి, "మాస్టారూ, గీతలన్నీ సరైనవే కదా, సంతకం చేసేస్తే అందరం ఇంటికెళ్దాం," అన్నారు. శ్రీహరిరావు గారు నాకేసి చూస్తున్నారు. ఎస్ సార్ అని రెండు ముక్కలు. నోరు తెరిచాను. "ఎనిమిది సరైనవండీ, ఒకటి కాదు," అన్నది బయటికొచ్చింది. మిషను పాడయిందా అన్నారు. లేదండీ, మిషను బాగానే ఉంది, నేను దానికి బొట్టు పెట్టాను, అన్నాను. ఏడుగురూ నవ్వారు. నవ్వనీ అని ఆగి, తరవాత అంతా చెప్పాను, పూజ, పట్టా కప్పకపోవడం, తరాజు అని నేనన్న మాట, విప్పిన బూట్లు, గుండ్రటి గీత, ఒకటి తరవాత ఒకటి, అబద్ధం ఒక్కటి కలపలేదు, నన్ను నేను వెనకేసుకు రాలేదు. ఒకాయన, రేపు ఇంకో పిల్ల బల్లి పడిందని చెబుతుంది, అప్పుడూ మళ్లీ పరీక్ష పెడదామా అన్నాడు. అధ్యక్షులు చాలాసేపు గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసి, "రేపు పొద్దున ఏడింటికి ఆ అమ్మాయిని రమ్మనండి. టేపు పెట్టి కొలుద్దాం. ఐదూ ముప్పై దాటిందా, నాలుగో పేరు ఆమెదే. రేపు కాకపోతే ఇక లేదు, పై వాళ్లకి జాబితా వెళ్లిపోవాలి. మీ మిషను సంగతి మాత్రం ఇక మా దగ్గర ఎత్తకండి," అన్నారు. శ్రీహరిరావు గారు ఫైలు మూసి తాడు కట్టుకుంటున్నారు, నాకేసి చూడలేదు. పదకొండేళ్లు అయిపోయాయి, ఎంత తేలిగ్గా అయిపోయాయి. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. అలసటే ఉంది, దాని కింద ఎక్కడో చిన్న సంతోషం కూడా ఉంది, తలుపు తోసుకుని దాదాపు పరిగెత్తినట్టు బయటికొచ్చాను.

స్తంభం దగ్గరే ఉంది. ఊపిరి పీల్చుకోకుండా చెప్పేశాను, తప్పు నీ కాళ్లది కాదమ్మా, నాది, పట్టా కప్పి ఉంచాల్సింది నేను, తరాజని నీకు చెప్పింది నేను, నువ్వు మెల్లగా మోపావు కాబట్టే గీత తగ్గింది, లోపల ఒప్పుకున్నారు, రేపు ఏడింటికి టేపు మీద, ఐదూ ముప్పై, నువ్వు ఐదూ నలభై దూకినదానివి, నీకది ఒక లెక్కా. ఆ పిల్ల విన్నది. మొహంలో నేననుకున్న వెలుగు రాలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కింద రోడ్డుకేసి చూసింది.

"నేను రాను సార్."

"అదేమిటి?"

"వారం దినాల సంది రోజు పొద్దుగాల గ్రౌండుకు పోతున్న సార్. ఉత్త నేల మీదనే దుంకుతున్న. నాలుగు డెబ్బై, నాలుగు ఎనబై, ఐదు దాటుతలేను. ఉరికి వస్త గద, తన్నే కాడికి వచ్చెటాల్లకు ఆ గీత యాదికొస్తది. మీ మిషను సరిగనే చెప్పింది, నాకే ఎరిక లేకుండె." నావైపు తిరిగి, నన్నే ఓదారుస్తున్నట్టు, "మీరు నా కోసం లోపల మస్తు మాట పడ్డట్టున్నరు. ఫికర్ జేయకుండ్రి సార్," అంది.

అంత దూరం వచ్చి, పదకొండేళ్లు బల్ల మీద పెట్టి వచ్చి, నేను తెచ్చిన ఆ ఏడింటి పిలుపు ఈ పిల్లకి అక్కర్లేకుండా పోయింది. అంకె తప్పని చెప్పి కొట్టేయించాను, కాని అది కాగితం మీద ఉన్న అంకె. ఈ పిల్ల లోపల ఒకటి రాసిపెట్టాను, దాన్ని ఏ కమిటీ కొట్టేస్తుంది? కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియలేదు, వరండాలో మనుషులున్నారని కూడా చూసుకోలేదు.

"నన్ను ఓదార్చకు," అని అరిచాను. "తిట్టు. బుద్ధి ఉందా నీకు, పెద్దవాడివి, చదువుకున్నవాడివి, నా కాళ్లలోనే తప్పుందనుకునేలా చేశావు అని నన్ను తిట్టు."

బిత్తరపోయి చూసింది. సార్‌ని తిట్టడమేమిటి, వాళ్లింటావంటా లేదది. వైకుంఠం జాబితా కాగితమూ జిగురు డబ్బా పట్టుకుని మా పక్కనుంచే వెళ్లి బోర్డు దగ్గర నిలబడ్డాడు, మూడు పేర్లు, నాలుగోదాని జాగా ఖాళీ. ఆ పిల్ల ఆ ఖాళీ చూసింది, నన్ను చూసింది, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"గట్లెట్ల జేసిన్రు సార్?" అంది.

మెల్లగానే అంది. కాని అంది. ఇంకోసారి, కొంచెం గట్టిగా, "గట్లెట్ల జేసిన్రు?" అంది, చెంపలు తుడుచుకోకుండా నా మొహంలోకి సూటిగా చూస్తూ. తల వంచుకుని నిలబడ్డాను. ఏడింటికి రా అమ్మా అన్నాను.